కూలుంబ్, ఏహెచ్, ఎంఏహెచ్, ఫారడే: ఇవన్నీ ఒకటేనా, ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎలా మార్చాలి?

చిత్తూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఫిజిక్స్‌లో ఆవేశానికి (ఎలక్ట్రిక్ ఛార్జ్‌కి) ప్రమాణం కూలుంబ్ అని చెబుతున్నారు. మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని, పవర్ బ్యాంక్ మీద 20000 ఎంఏహెచ్ అని రాసి ఉంది. కెమిస్ట్రీలో ఫారడే అంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? ఒకటే అయితే అంత పెద్ద బ్యాటరీకి 150, చేతిలో పట్టే పవర్ బ్యాంక్‌కి 20000 ఏమిటి? వీటిని ఎలా మార్చుకోవాలి?"

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అంతకుముందు చాలా ఏళ్లు బ్యాటరీ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేశాను. కరకంబాడిలో అంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం మనది, ఏహెచ్ అనే మాట వినని ఇల్లు ఇక్కడ తక్కువ. అయినా పుస్తకంలో కూలుంబ్, బ్యాటరీ మీది ఏహెచ్ ఒకే కొలత అని క్లాసులో చెప్పినప్పుడు సగం మంది పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా సమాధానం: అవును, ఇవన్నీ ఆవేశాన్నే కొలుస్తాయి. బంగారాన్ని సవరల్లో చెప్పినా గ్రాముల్లో చెప్పినా బంగారం మారదు కదా, అలాగే. మార్చడానికి కావలసిన లెక్కలు ఇవి:

1 ఏహెచ్ (ఆంపియర్-అవర్) = 3600 కూలుంబ్‌లు
1 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్) = 3.6 కూలుంబ్‌లు
1 ఫారడే = దాదాపు 96,485 కూలుంబ్‌లు, అంటే 26.8 ఏహెచ్
ఒక ఎలక్ట్రాన్ ఆవేశం = 1.602 × 10⁻¹⁹ కూలుంబ్

ఏ ప్రమాణంలో ఇచ్చినా ముందు కూలుంబ్‌లలోకి తెచ్చుకోండి, అక్కడినుంచి కావలసిన ప్రమాణంలోకి వెళ్లండి. ఏహెచ్ నుంచి నేరుగా ఎలక్ట్రాన్ల సంఖ్యకు, ఫారడే నుంచి నేరుగా ఎంఏహెచ్‌కు సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు. 3600, 96,485, 1.602 × 10⁻¹⁹ గుర్తుంటే చాలు.

మీ బ్యాటరీ 150 × 3600 = 5,40,000 కూలుంబ్‌లు. పవర్ బ్యాంక్ 20,000 × 3.6 = 72,000 కూలుంబ్‌లు. 20000 ఎంఏహెచ్ అంటే 20 ఏహెచ్ మాత్రమే, ఎందుకంటే ఎంఏహెచ్‌లో ముందున్న 'మిల్లీ' వెయ్యో వంతు. కాబట్టి మీ ఇన్వర్టర్ బ్యాటరీ ఆవేశం లెక్కలో ఏడున్నర రెట్లు పెద్దది. శక్తి లెక్కన చూస్తే తేడా ఇంకా చాలా ఎక్కువ, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇంతకీ ఆ 3600 ఎక్కడిది? ఒక ఆంపియర్ కరెంట్ ఒక సెకను పారితే దాటిన ఆవేశం ఒక కూలుంబ్. అదే కరెంట్ గంటసేపు పారితే, గంటలో 3600 సెకన్లు కాబట్టి, 3600 కూలుంబ్‌లు. ఇక్కడ పిల్లలు ఎక్కువగా తడబడేది ఒక్కచోటే. ఏహెచ్‌ని 'గంటకు ఇన్ని ఆంపియర్లు' అని చదువుతారు. కాదు. అది ఆంపియర్లను గంటలతో గుణించగా వచ్చింది, భాగించగా వచ్చింది కాదు. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వచ్చినట్టే కరెంట్‌ని కాలంతో గుణిస్తే ఆవేశం వస్తుంది. నిమిషాల్లో ఇస్తే ముందు సెకన్లు చేసుకోండి: 3 ఆంపియర్లు 20 నిమిషాలు పారితే 3 × 1200 = 3600 కూలుంబ్‌లు, అంటే సరిగ్గా 1 ఏహెచ్.

ఏహెచ్ ఆవేశాన్ని చెబుతుంది, శక్తిని చెప్పదు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అసలు పట్టుకోవలసింది ఇదే. శక్తి కావాలంటే ఆవేశాన్ని వోల్టేజ్‌తో గుణించాలి. మీ 150 ఏహెచ్ బ్యాటరీ 12 వోల్టులది: 150 × 12 = 1800 వాట్-అవర్లు. కరెంటు బిల్లు భాషలో 1.8 యూనిట్లు. పవర్ బ్యాంక్ లోపలి లిథియం సెల్ 3.7 వోల్టులది: 20 × 3.7 = 74 వాట్-అవర్లు. ఆవేశంలో ఏడున్నర రెట్లున్న తేడా శక్తికి వచ్చేసరికి 24 రెట్లు దాటింది. బిల్లులో 'యూనిట్' అంటే కిలోవాట్-అవర్, అది శక్తి. దాన్ని 3600తో గుణించి కూలుంబ్‌లు అని రాసిన జవాబు పత్రాలు నేను దిద్దాను. గంటలు రెండిట్లోనూ ఉన్నాయి కాబట్టి 3600 రెండిట్లోనూ వస్తుంది, కానీ అక్కడ వచ్చేవి కిలోజౌళ్లు, ఇక్కడ వచ్చేవి కూలుంబ్‌లు.

పవర్ బ్యాంక్ మీద 20000 అని పెద్దగా రాసి, వెనకవైపు చిన్న అక్షరాలతో 'రేటెడ్ కెపాసిటీ' 12000 చుట్టుపక్కల ఎందుకు వేస్తారో కూడా దీనితోనే అర్థమవుతుంది. 20000 అనేది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరి లెక్క. బయటికి వచ్చేది 5 వోల్టులు. 74 వాట్-అవర్లను 5తో భాగిస్తే 14,800 ఎంఏహెచ్. వోల్టేజ్ పెంచే సర్క్యూట్‌లో వేడిగా పోయేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఇందులో మోసం లేదు, వోల్టేజ్ మారితే ఏహెచ్ మారక తప్పదు. విమానంలో పవర్ బ్యాంక్ తీసుకెళ్లడానికి పరిమితి 100 వాట్-అవర్లని పెట్టారు గానీ ఎంఏహెచ్‌లో పెట్టలేదు, కారణం ఇదే.

పిడుగు సంగతి చూడండి. ఒక మామూలు పిడుగు మోసుకొచ్చే ఆవేశం 15, 20 కూలుంబ్‌ల లెక్కలో ఉంటుంది. 18 కూలుంబ్‌లు అనుకుంటే 5 ఎంఏహెచ్. మీ చేతిలోని 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో 18,000 కూలుంబ్‌లు ఉన్నాయి, వెయ్యి పిడుగుల ఆవేశమన్నమాట. మరి ఫోన్ చెట్టును చీల్చదు, పిడుగు చీలుస్తుంది. పిడుగు వెనక కోట్ల వోల్టులున్నాయి, పైగా ఆ ఆవేశమంతా రెప్పపాటు కంటే తక్కువ సమయంలో దిగిపోతుంది.

బ్యాటరీలు కలిపేటప్పుడు కూడా ఇదే తేడా పనికొస్తుంది. రెండు 150 ఏహెచ్ బ్యాటరీలను సిరీస్‌లో కలిపితే 24 వోల్టులు, కానీ ఏహెచ్ 150 గానే ఉంటుంది. ఒకే ఆవేశం రెండిటి గుండా పోతుంది కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ప్యారలల్‌లో కలిపితే 12 వోల్టులే, ఏహెచ్ మాత్రం 300. శక్తి రెండు పద్ధతుల్లోనూ 3600 వాట్-అవర్లే.

ఇక లేబుల్ మీది 150 విషయం. ఇది నేను చేసిన పని కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. ఇన్వర్టర్ బ్యాటరీ స్టిక్కర్ మీద 150 ఏహెచ్ పక్కన సి20 అని చిన్నగా ఉంటుంది. 20 గంటల్లో ఖాళీ అయ్యేంత నెమ్మదిగా వాడితే 150 ఏహెచ్ ఇస్తుందని దానర్థం. అంటే 7.5 ఆంపియర్లు, 20 గంటలు. ల్యాబ్‌లో టెస్ట్ ఇలా సాగుతుంది: బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి కాసేపు ఊరకనే ఉంచుతాం. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్‌ల గ్రావిటీ (యాసిడ్ ఎంత చిక్కగా ఉందో) చూస్తాం. 27 డిగ్రీల నీటి తొట్టిలో పెట్టి, 7.5 ఆంపియర్లకు లోడ్ కట్టి, గంటగంటకూ వోల్టేజ్ రాసుకుంటాం. మొదటి గంటల్లో ముల్లు కదిలినట్టే ఉండదు, వోల్టేజ్ చాలా మెల్లగా దిగుతుంది. చివర్లో మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు గంటకోసారి చూస్తే కుదరదు, పక్కనే నిలబడాలి. 10.5 వోల్టులు తాకగానే లోడ్ తీసేస్తాం. అప్పటికి 18 గంటల 30 నిమిషాలు అయితే 7.5 × 18.5 = 138.75 ఏహెచ్. కెపాసిటీ అంటే ఇదే, కరెంట్‌ని కాలంతో గుణించడం. చాలాసార్లు బ్యాటరీ మొత్తం బలహీనంగా ఉండదు, ఆరింట్లో ఒక్క సెల్ ముందే చేతులెత్తేస్తుంది. సెల్‌లన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి మిగతా ఐదూ దానితోపాటు ఆగాల్సిందే.

మన ఇళ్లలో 7.5 ఆంపియర్లతో ఎవరు వాడతారు? నాలుగు ఫ్యాన్లు, కొన్ని లైట్లు కలిపి 300 వాట్లు అనుకోండి. 12తో భాగిస్తే 25 ఆంపియర్లు, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే 30 దాకా లాగుతుంది. కాగితం మీద 150 ÷ 30 = 5 గంటలు. వాస్తవంలో కొత్త బ్యాటరీ అయినా నాలుగు గంటల లోపే ఆగుతుంది. వేగంగా లాగితే లెడ్-యాసిడ్ బ్యాటరీ తక్కువ ఆవేశం ఇస్తుంది. ప్లేట్ల రంధ్రాల్లోకి యాసిడ్ చేరే వేగానికి ఒక హద్దు ఉంది. మిగిలిన ఆవేశం ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది, ఆ వేగంతో బయటికి రాలేకపోయింది. అందుకే ఆగిపోయిన బ్యాటరీ అరగంట తర్వాత మళ్లీ కాసేపు పనిచేస్తుంది. ఈ సంబంధాన్ని 1897లో పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. కొనేటప్పుడు ఒక బ్యాటరీ మీద 150 ఏహెచ్ సి20 అని, ఇంకొకదాని మీద 150 ఏహెచ్ సి10 అని ఉంటే రెండూ సమానం కావు. సి10 అంటే 15 ఆంపియర్లతో లాగినా 150 ఇస్తుందని, అదే గట్టిది.

పలమనేరు వైపు కౌండిన్య అడవి అంచున పొలం ఉన్న ఒక రైతు సమస్య చెబుతాను. ఏనుగుల కోసం సోలార్ ఫెన్సింగ్ వేసుకున్నారు. సాయంత్రం పరీక్షిస్తే కంచె బాగానే కొడుతోంది, తెల్లవారుజాముకి చచ్చిపోతోంది. బ్యాటరీ వోల్టేజ్ చూస్తే సాయంత్రం బాగానే ఉంది కాబట్టి మెషిన్ చెడిపోయిందని అనుకున్నారు. నేను ఆవేశం జమాఖర్చు వేశాను. మెషిన్ సగటున 0.4 ఆంపియర్లు లాగుతోంది, రాత్రి 12 గంటలకు 4.8 ఏహెచ్ ఖర్చు. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 0.55 ఆంపియర్లు ఇస్తే, 5 గంటలకు 2.75 ఏహెచ్ జమ. పైగా లెడ్-యాసిడ్‌లో తీసినదానికంటే 10 నుంచి 20 శాతం ఎక్కువే తిరిగి పెట్టాలి. రోజూ అప్పు పెరుగుతుంటే 7 ఏహెచ్ బ్యాటరీ ఎన్నాళ్లు మోస్తుంది? 40 వాట్ల ప్యానెల్, 26 ఏహెచ్ బ్యాటరీ పెట్టించాం. సగానికి మించి ఖాళీ కానివ్వకుండా చూసుకున్నా, మబ్బు పట్టిన రెండు రాత్రులు గట్టెక్కుతుంది. మెషిన్‌లో ఏ లోపమూ లేదు.

మీ ఫోన్‌లో బ్యాటరీ శాతం చూపించేదీ ఇలాంటి జమాఖర్చే. లోపల చాలా చిన్న రెసిస్టర్ ఒకటి ఉంటుంది. దాని రెండు కొసల మధ్య వోల్టేజ్‌ని బట్టి కరెంట్ ఎంతో తెలుసుకుని, క్షణక్షణమూ కూడుకుంటూ పోతుంది ఒక చిప్. ఇంజనీర్లు దాన్ని కూలుంబ్ కౌంటింగ్ అనే పిలుస్తారు. పుస్తకంలోని కూలుంబ్ మీ జేబులోనే లెక్కలు వేస్తోంది.

ఇప్పుడు ఫారడే. ఒక మోల్ (దాదాపు 6.022 × 10²³) ఎలక్ట్రాన్ల మొత్తం ఆవేశం ఒక ఫారడే. కెమిస్ట్రీ వాళ్లకు ఇది ఎందుకు ఇష్టమంటే, ఆవేశం తెలిస్తే ఎంత పదార్థం మారిందో చెప్పేయవచ్చు. మైకేల్ ఫారడే 1830లలో తేల్చిన విద్యుద్విశ్లేషణ నియమాలు ఇవే. మీ బ్యాటరీనే తీసుకుందాం: 5,40,000 ÷ 96,485 = దాదాపు 5.6 ఫారడేలు. ఒక్కో సీసం పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కాబట్టి 2.8 మోల్‌ల సీసం. సీసం పరమాణు భారం 207.2తో గుణిస్తే 580 గ్రాములు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేసరికి ఒక్కో సెల్‌లో నెగటివ్ ప్లేట్ల మీద ఇంత సీసం సల్ఫేట్‌గా మారుతుంది, ఆరు సెల్‌లలో కలిపి మూడున్నర కిలోలు. యాసిడ్ కూడా అదే లెక్కన ఖర్చవుతుంది. అందుకే డిశ్చార్జ్ అయినప్పుడు హైడ్రోమీటర్‌లో గ్రావిటీ పడిపోతుంది. గ్రావిటీ చూసి ఛార్జ్ ఎంతుందో మెకానిక్ చెబుతున్నాడంటే, తెలియకుండానే ఫారడే నియమాన్ని వాడుతున్నాడు.

పూజ సామాను మీద వెండి పూత వేసేవాళ్లకూ ఇదే ఆధారం. ఒక కూలుంబ్‌కు 1.118 మిల్లీగ్రాముల వెండి చేరుతుంది, ఒక ఏహెచ్‌కు 4 గ్రాముల పైచిలుకు. పెద్ద ప్లేటింగ్ షాపుల్లో ఏహెచ్ మీటర్ పెట్టుకునేది అందుకే. ఒకప్పుడు ఆంపియర్‌ని నిర్వచించింది కూడా ఈ 1.118 మిల్లీగ్రాముల వెండితోనే. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబ్ అని ఖరారు చేసి, ఆంపియర్‌ని దాన్నుంచి తెస్తున్నారు. కాబట్టి ఆ అంకె ఇప్పుడు కొలిచి తెచ్చింది కాదు, ఒప్పుకున్నది. ఒక కూలుంబ్ అంటే దాదాపు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఆవేశం.

ఫారడేని ఫారడ్‌తో కలపకండి. ఫారడ్ కెపాసిటర్‌ది, దానికి వోల్టేజ్ కలిస్తేనే ఆవేశం వస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌లోని 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద 325 వోల్టులుంటే ఆవేశం 2.5 × 325, అంటే 812 మైక్రోకూలుంబ్‌లు. కూలుంబ్‌లో వెయ్యో వంతు కూడా కాదు.

దీన్నుంచి మీకు ఇంకో సందేహం రావాలి. బ్యాటరీలో లక్షల కూలుంబ్‌లుంటే, స్థిరవిద్యుత్ పాఠంలో లెక్కలన్నీ మైక్రో, నానో కూలుంబ్‌లలో ఎందుకు ఇస్తారు? ఒక్కో కూలుంబ్ ఆవేశం ఉన్న రెండు వస్తువుల్ని మీటరు దూరంలో పెడితే వాటి మధ్య బలం 9 × 10⁹ న్యూటన్లు. దాదాపు 9 లక్షల టన్నుల బరువుతో సమానం. అంత ఆవేశాన్ని విడిగా ఒకచోట నిలబెట్టడం కుదిరే పని కాదు. బ్యాటరీలో, తీగలో అయితే ధన, ఋణ ఆవేశాలు పక్కపక్కనే సమానంగా ఉంటాయి. ఏహెచ్ చెప్పేది ఎంత పేరుకుందో కాదు, ఎంత దాటిపోగలదో.

పాత పుస్తకాల్లో స్టాట్‌కూలుంబ్, లేదా ఈఎస్‌యూ అని కనిపిస్తే, 1 కూలుంబ్ = 2.998 × 10⁹ ఈఎస్‌యూ. అమెరికన్ శాస్త్రవేత్త మిల్లికన్ నూనె బిందువుల ప్రయోగంతో 1913లో ప్రకటించిన ఎలక్ట్రాన్ ఆవేశం 4.774 × 10⁻¹⁰ ఈఎస్‌యూ. 2.998 × 10⁹తో భాగిస్తే 1.592 × 10⁻¹⁹ కూలుంబ్. ఇప్పటి విలువ కంటే కొంచెం తక్కువ, ఆయన తీసుకున్న గాలి స్నిగ్ధత (విస్కాసిటీ) విలువ కాస్త తేడాగా ఉండటమే అందుకు కారణం.

పరీక్షకు ఒక లెక్క చేసి చూపిస్తాను. తీగలో 1.6 ఆంపియర్లు 10 నిమిషాలు పారింది. ఆవేశం 1.6 × 600 = 960 కూలుంబ్‌లు. ఎలక్ట్రాన్లు 960 ÷ (1.6 × 10⁻¹⁹) = 6 × 10²¹. ఏహెచ్‌లో 960 ÷ 3600 = 0.267. ఫారడేల్లో 960 ÷ 96,500, దాదాపు 0.01. నాలుగు జవాబులూ ఆ 960 నుంచే వచ్చాయి చూడండి. ప్రతి వరుసలోనూ అంకె పక్కన ప్రమాణం రాయండి. ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి 1.6, 96,500 వాడితే చాలు, ఆప్షన్లు సాధారణంగా వాటికి సరిపోయేలానే ఇస్తారు.

మీ ఇన్వర్టర్ బ్యాటరీ స్టిక్కర్ మీద సి20 ఉందా సి10 ఉందా చూసి, ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు, లైట్లు దాని మీద నడుస్తున్నాయో కింద రాయండి. ఎన్ని గంటలు రావాలో మీరే ముందు లెక్క వేసి పెట్టండి, నేను సరిచూసి చెబుతాను.